మీటరు బాగుందంటుంది, బ్యాటరీ దిగిపోతుంది: ఒక చేపల లారీ చార్జింగ్ కేసు

లారీ ఎలక్ట్రికల్ పని చేసేవాళ్లకు, ముఖ్యంగా కొత్తగా మీటరు పట్టుకున్న కుర్రాళ్లకు పనికొస్తుందని ఈ కేసు రాస్తున్నాను. చివరికి దొరికిన లోపం చిన్నదే. కానీ అంతకు ముందు ఇద్దరు ముగ్గురు మంచి మేస్త్రీలు చూశారు, చూసిన ప్రతిసారీ మీటరు 28 వోల్టులు చూపించింది. వాళ్ల మీటరు తప్పు కాదు, చూడటం రాకా కాదు. లోపం ఉన్న బండి మీద కూడా రీడింగు సరిగ్గానే ఎందుకు వచ్చిందన్నదే ఇందులో అసలు విషయం. బండి నంబరు, ఓనరు పేరు, ఇంతకుముందు ఎక్కడెక్కడ చూపించారన్నది వదిలేశాను.

బండి, దాని పని

పదేళ్లు దాటిన పన్నెండు టైర్ల లారీ. 24 వోల్టుల సిస్టమ్. 12 వోల్టులు, 130 ఆంపియర్ అవర్ల బ్యాటరీలు రెండు సిరీస్‌లో ఉంటాయి. 55 ఆంపియర్ల డైనమో (షెడ్డుల్లో ఆల్టర్నేటర్‌నే ఇలా అంటాం). ఇంజనుకు కంప్యూటర్ లేదు, పాత రకం పంపు. కొల్లేరు చుట్టుపక్కల చెరువుల దగ్గర ఐసు కొట్టి చేపలు ఎక్కించుకుని, 16వ నంబరు హైవే మీద హౌరా వెళ్లి, దించి, వాటర్ సర్వీసింగ్ చేయించుకుని తిరిగొస్తుంది. చేపల లోడు ఆగడానికి వీల్లేదు. సాయంత్రం బయల్దేరితే రాత్రంతా పరుగే. వాసన పోవాలంటే దించిన ప్రతిసారీ ప్రెషర్ పంపుతో కడగాలి కాబట్టి, మామూలు లారీ ఏడాదిలో చూసే నీళ్లను ఇది నెలరోజుల్లో చూస్తుంది.

ఈ రెండు సంగతులు, అంటే రాత్రి పరుగు, నీళ్లు, ముందే నోట్ చేసుకున్నాను. కేసులో రెండూ పనికొచ్చాయి.

ఫిర్యాదు

ఓనరు చెప్పింది ఒక్క ముక్క: "ఒక్కోసారి చార్జి ఎక్కదండి, ఒక్కోసారి బ్రహ్మాండంగా ఉంటది." దీనితో మొదలుపెడితే ఎక్కడికీ చేరం. బండి ఓనరుకు తెలిసేది బిల్లు, డ్రైవరుకు తెలిసేది జబ్బు. అందుకే డ్రైవర్ని విడిగా కూర్చోబెట్టి, టీ తాగుతూ, ఎప్పుడు, ఎక్కడ, ఏం వేసి ఉండగా అని అడిగాను.

"లోడింగ్ కాడ స్టార్ట్ చేస్తే ఒక్కోసారి చార్జి రాదండి. రేసు ఇస్తే అప్పుడు పట్టుకుంటది. ఇంకోటేంటంటే, రెండో రాత్రికి లైట్లు ఎర్రబడిపోతాయండి. పొద్దున్న ఆపితే మళ్లీ సెల్ఫ్ తిరగదు."

ఓనరు ఒక్క సమస్య అన్నది డ్రైవరు నోట్లో రెండయ్యాయి. ఒకటి స్టార్ట్ చేసిన వెంటనే ఐడ్లింగ్‌లో వచ్చేది. రెండోది బండి గంటల తరబడి నడిచాక, రాత్రి, లైట్లు వేసి ఉండగా వచ్చేది. రెంటికీ కారణం ఒకటే కావచ్చు, కాకపోవచ్చు. ఒకటే అని ముందే అనుకుంటే, మొదటిది దొరకగానే బండి బయటికి పంపించేస్తాం. అందుకని కాగితం మీద రెండు వరుసలుగానే రాసుకున్నాను.

ఇంకొకటి అడిగాను: ఇది మొదలవడానికి ముందు బండికి ఏ పనైనా జరిగిందా? కరెంటు పని కాదు, ఏదైనా సరే. క్లచ్ ప్లేటు మార్పించామన్నాడు. ఆ తర్వాత నెలా నెలన్నరకు ఈ గొడవ మొదలైందట. క్లచ్ పనిలో గేర్‌బాక్స్ దించాలి, సెల్ఫ్ మోటారు విప్పాలి. అప్పటికి నాకు దీనికీ చార్జింగ్‌కూ సంబంధం తేలలేదు, కానీ కాగితం మీద గీత గీసి ఉంచాను.

అప్పటికే మార్చినవి

మొదట డైనమో విప్పి కార్బన్ బ్రష్‌లు, డయోడ్ ప్లేటు వేశారు. తర్వాత కటౌట్ (డైనమో వోల్టేజ్‌ను అదుపులో ఉంచే రెగ్యులేటర్) మార్చారు. తర్వాత బ్యాటరీలు పోయాయని కొత్త జత కొన్నారు. చివరికి డైనమోనే తీసేసి రీకండిషన్ చేసింది బిగించారు. ఫ్యాన్ బెల్టు కూడా కొత్తదే.

ప్రతి రిపేరు తర్వాతా బండి కొన్నాళ్లు బాగానే నడిచిందని ఓనరు అన్నాడు. అందరూ పడిపోయేది ఇక్కడే. రిపేరుకు వచ్చిన ప్రతిసారీ బ్యాటరీలను చార్జరు మీద పెట్టి నింపి ఇస్తారు. నిండు బ్యాటరీలతో బయల్దేరిన లారీ మొదటి రాత్రి ఎలాగూ గట్టెక్కుతుంది. మధ్యలో పగటి పరుగు ఉంటే ఇంకొంచెం లాగుతుంది. కాబట్టి ఏం మార్చినా పనిచేసినట్టే కనిపిస్తుంది. అడపాదడపా వచ్చే లోపం మీద "మార్చాక బాగుంది" అన్న మాటకు విలువ ఇవ్వాలంటే, లోపం మామూలుగా ఎన్నాళ్లకు తిరిగొస్తుందో ముందు తెలియాలి.

పోయిందని తీసేసిన పాత డయోడ్ ప్లేటు ఇంకా టూల్ బాక్సులోనే ఉంది. అందులో రెండు డయోడ్‌లు నిజంగానే కాలిపోయాయి. ఎలా కాలాయో డ్రైవరు మాటల్లో బయటపడింది. ఒకచోట డైనమో పనిచేస్తోందా లేదా అని చూడ్డానికి ఇంజను నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి చూశారట. ఇది మన దగ్గర పాత అలవాటు. ఆర్మేచర్ డైనమోల రోజుల్లో చెల్లిపోయిందేమో గానీ, ఆల్టర్నేటర్ వచ్చాక ఇది పరీక్ష కాదు, విధ్వంసం. బాగా కరెంటు ఇస్తున్న 24 వోల్టుల డైనమో నుంచి బ్యాటరీని ఒక్కసారిగా తప్పిస్తే వోల్టేజ్ ఒక్క క్షణం వంద దాటి ఎగురుతుంది. డయోడ్‌లు, కటౌట్, కొత్త బండ్లలోనైతే కంప్యూటర్ కూడా పోవచ్చు. ఈ బండికి మొదటి డయోడ్ ప్లేటు జబ్బు వల్ల పోయిందో, వైద్యం వల్ల పోయిందో చెప్పలేం.

నేను మొదట చూసినవి

వచ్చినప్పుడు బండి ఎప్పటిలాగే చార్జరు మీద నింపిన బ్యాటరీలతో వచ్చింది. ఇంజను స్టార్ట్ చేసి, కొంచెం రేసు మీద బ్యాటరీ పోస్టుల దగ్గర చూస్తే 27.9. హెడ్‌లైట్లు, మార్కర్ లైట్లు, క్యాబిన్ ఫ్యాను అన్నీ వేస్తే 27.5. 24 వోల్టుల బండికి ఇంతకంటే ఏం కావాలి?

డైనమో డయోడ్‌లు చూడ్డానికి మీటరును ఏసీ వోల్టుల మీద పెట్టి బ్యాటరీ దగ్గర రిపుల్, అంటే డీసీలో కలిసి వచ్చే ఏసీ అల, కొలిచాను. దాదాపు ఏమీ లేదు, డయోడ్‌లు బాగున్నాయి. తాళం తీసేసి బ్యాటరీ నెగెటివ్‌లో మీటరు కలిపి, నిలబడి ఉన్నప్పుడు ఎంత తాగుతోందో చూశాను. 35 మిల్లీ ఆంపియర్లు. రాత్రంతా తాగినా అర ఆంపియర్ అవర్ కూడా కాదు.

తర్వాత ఎర్తు. చేపల బండి కాబట్టి నాకు మొదటి అనుమానం అక్కడే ఉంది. ఇంజనుకూ ఛాసిస్‌కూ మధ్య ఉండే ఎర్తు పట్టీ తుప్పు పట్టి, ఇంజను కదిలినప్పుడల్లా తెగిపోతూ అతుక్కుంటూ ఉండటం చాలా బండ్లలో చూశాం. సెల్ఫ్ కొట్టేటప్పుడు ఇంజను బాడీకీ బ్యాటరీ నెగెటివ్ పోస్టుకూ మధ్య కొలిస్తే 0.3 వోల్టు. సెల్ఫ్ లాగే కరెంటు వందల ఆంపియర్లలో ఉంటుంది. అంత కరెంటుకే 0.3 పడిందంటే డైనమో ఇచ్చే నలభై, యాభై ఆంపియర్లకు ఈ దారి రాచబాట. ఎర్తును పక్కన పెట్టాను.

వైరింగ్ అంతా చేత్తో కదిలించి చూశాను, క్యాబిన్ ఎత్తి దింపి చూశాను. మీటరులో ముల్లంత తేడా లేదు.

ఈ చెకింగ్‌లో పక్కదొకటి దొరికింది. బ్యాటరీలను విడివిడిగా కొలిస్తే ఒకటి 12.7, రెండోది 12.3. కారణం మ్యూజిక్ సిస్టమ్. 12 వోల్టుల సెట్టును ఒక్క బ్యాటరీ నుంచే లాగారు. అలా లాగితే ఆ బ్యాటరీ ఎప్పుడూ వెనకబడే ఉంటుంది, రెండోది పొంగుతుంది. 24 నుంచి 12కి దించే కన్వర్టర్ పెట్టించాం. ఇది అసలు జబ్బు కాదు, బ్యాటరీల ఆయుష్షు తినే పక్క జబ్బు.

మొదటి లోపం: మీటరు బోర్డులో ఎల్‌ఈడీ

డ్రైవరు చెప్పిన మొదటి వరుసకు వచ్చాను: స్టార్ట్ చేయగానే చార్జి రాదు, రేసు ఇస్తే వస్తుంది. ఈ రకం డైనమోలో చార్జింగ్ లైటు చూపించడానికి మాత్రమే కాదు. తాళం తిప్పగానే ఆ బల్బు గుండా వచ్చే కరెంటు డీ ప్లస్ వైరు (చార్జింగ్ లైటు నుంచి డైనమోకు వెళ్లే వైరు) ద్వారా డైనమో లోపల తిరిగే రోటర్‌లోకి వెళ్లి దాన్ని అయస్కాంతం చేస్తుంది. ఆ చిన్న తోపు లేకపోతే రోటర్‌లో మిగిలి ఉన్న కొద్దిపాటి అయస్కాంతంతోనే డైనమో లేవాలి. అది ఐడ్లింగ్‌లో చాలదు, స్పీడు పెరిగితే లేస్తుంది. ఒకసారి లేచిందంటే ఇంజను ఆపేవరకూ పడిపోదు. డ్రైవరు చెప్పింది అచ్చు ఇదే.

తాళం తిప్పితే చార్జింగ్ లైటు తెల్లగా మెరిసింది. ఈ బండికి అది ఎర్ర మూత వెనక పసుపు బల్బుగా ఉండాలి. విప్పితే మీటరు బోర్డులో బల్బులన్నీ ఎల్‌ఈడీలు. రాత్రి మీటర్లు బాగా కనపడాలని ఎవరో మార్చారు. మిగతా చోట్ల ఫర్వాలేదు గానీ చార్జింగ్ లైటు దగ్గర అది కుదరదు. 24 వోల్టుల 3 వాట్ల మామూలు బల్బు 125 మిల్లీ ఆంపియర్ల దాకా కరెంటును పోనిస్తుంది. ఆ ఎల్‌ఈడీ పది, పదిహేను మిల్లీ ఆంపియర్లకు మించి పోనివ్వదు. రోటర్ లేవడానికి అది ఒకరోజు చాలుతుంది, ఒకరోజు చాలదు. మామూలు 3 వాట్ల బల్బు పెట్టాక ఎన్నిసార్లు స్టార్ట్ చేసినా ఐడ్లింగ్‌లోనే చార్జి అందుకుంది.

లెక్క కుదరలేదు

ఇక్కడ ఆగి బండి ఇచ్చేయొచ్చు. కారణం దొరికింది, రిపేరు పనిచేసింది. కానీ రెండో వరుస ఇంకా కాగితం మీదే ఉంది.

లెక్క వేసి చూశాను. లోడింగ్ దగ్గర గంటన్నర ఐడ్లింగ్‌లో చార్జి రాలేదనుకుందాం. లైట్లతో సహా 15 ఆంపియర్లు తాగినా పోయేది ఇరవై మూడు ఆంపియర్ అవర్లకు దగ్గర. తర్వాత హైవే ఎక్కి రేసు తగలగానే డైనమో లేస్తుంది. 55 ఆంపియర్ల డైనమో రాత్రంతా నడిస్తే, లైట్లకు పోగా మిగిలినదానితో ఆ ఇరవై మూడు రెండు మూడు గంటల్లో తిరిగి నిండాలి. మరి బండి నడిచేకొద్దీ బ్యాటరీ ఎందుకు దిగుతుంది? ఎల్‌ఈడీ ఒక్కటే లోపమైతే రెండో రాత్రి లైట్లు ఎర్రబడకూడదు.

అంటే రెండో లోపం ఒకటి ఉంది, అది నా షెడ్డులో కనపడటం లేదు. బండిని ఆపితే లోడు పోతుంది. మళ్లీ ఏదో ఒకటి మార్చడానికి నా దగ్గర కారణం లేదు. ఓనరుకు ఉన్నమాట చెప్పాను: ఒకటి పట్టుకున్నాం, ఇంకోటి ఉంది, ఒక ట్రిప్పు తిప్పండి. డ్రైవరుకు మాత్రం ఒక పని అప్పజెప్పాను. కొత్త బల్బు మీద కన్నేసి ఉంచమన్నాను. ఎందుకంటే ఆ బల్బు ఇప్పుడు ఎల్‌ఈడీ చేయలేని పని ఒకటి చేయగలదు.

రోడ్డు మీద నుంచి ఫోను

శ్రీకాకుళం దాటాక రాత్రి ఫోను వచ్చింది. "చార్జింగ్ లైటు ఆరిందో వెలిగిందో తెలీకుండా సన్నగా ఎర్రగా కనపడతంది మేస్త్రీ. కొత్త బల్బులో లోపమా?"

బల్బులో లోపం లేదు. అదే సాక్ష్యం. చార్జింగ్ లైటుకు ఒక పక్క డైనమో డీ ప్లస్, రెండో పక్క తాళం నుంచి వచ్చే బ్యాటరీ లైను. రెండు పక్కలా వోల్టేజ్ సమానమైతే బల్బు ఆరిపోతుంది. డైనమో చచ్చిపోతే ఆ పక్క వోల్టేజ్ పడిపోయి బల్బు నిండుగా వెలుగుతుంది. సన్నగా వెలిగిందంటే రెండు పక్కల మధ్య నాలుగైదు వోల్టుల తేడా ఉందన్నమాట. ఏ పక్క ఎక్కువైనా మామూలు బల్బుకు పట్టింపు లేదు. ఎల్‌ఈడీ ఉన్నన్నాళ్లూ ఈ గుర్తు కనపడే అవకాశమే లేదు, ఎందుకంటే ఎల్‌ఈడీ తిరుగు కరెంటుకు వెలగదు.

ఏ పక్క ఎక్కువో తేల్చడానికి ఫోనులోనే ఒక పరీక్ష చేయించాను. బండి పక్కకు తీసి, ఇంజను రేసు మీదే ఉంచి, హెడ్‌లైట్లు, మార్కర్లు, ఫ్యాను అన్నీ ఆపమన్నాను. "పోయిందండి." మళ్లీ వేయమన్నాను. "వచ్చిందండి."

లోడు పెడితే తేడా పెరుగుతోంది, తీస్తే తగ్గుతోంది. డైనమో లోపలే ఫేజు పోయో, బ్రష్ ఆడో ఉంటే ఇలాగే కనపడే వీలు కొంత ఉంది. కానీ రిపుల్ బాగుంది, ఇది రెండో డైనమో, జబ్బు మాత్రం మొదటిదే. దానికంటే తేలిగ్గా పొసిగే వివరణ, డైనమో తన దగ్గర 28 వోల్టులు తయారుచేస్తోంది, ఆ 28 బ్యాటరీ దాకా రావడం లేదు అన్నది. దారిలో ఎక్కడో ఒక రెసిస్టెన్స్ కూర్చుంది. కటౌట్ డైనమోలోనే ఉండి, డైనమో దగ్గర వోల్టేజ్ చూసుకుంటుంది. తన దగ్గర 28 ఉంది కాబట్టి దాని లెక్కలో అంతా బాగుంది. బ్యాటరీ గోడు దానికి తెలియదు.

రాత్రికి అవసరం లేని ఫ్యాను, పక్క లైట్లు ఆపేసి వెళ్లమన్నాను. హౌరాలో ఇంజను ఆపే ముందు, సెల్ఫ్ తిరగకపోతే దొర్లించి స్టార్ట్ చేసుకునేలా వాలు చూసుకుని పెట్టుకోమన్నాను.

షెడ్డులో లోపాన్ని రప్పించడం

బండి తిరిగొచ్చేసరికి నాకు ఒక సంగతి స్పష్టమైంది. షెడ్డులో చేసిన పరీక్షలన్నీ నిండు బ్యాటరీలతో చేసినవే. నిండు బ్యాటరీ కరెంటు లాగదు. లైట్లన్నీ వేసినా బీ ప్లస్ కేబుల్‌లో (డైనమో కరెంటును బ్యాటరీ వైపు తెచ్చే కేబుల్) పాతిక ఆంపియర్లు, వేయకపోతే పది పన్నెండు. రెసిస్టెన్స్ ఎంత ఉన్నా దాని గుండా కరెంటు పోకపోతే వోల్టేజ్ పడదు. పడని వోల్టేజ్ ఏ మీటరుకూ దొరకదు. మనం బండిని బాగుచేసే ముందు చార్జరు పెట్టి, లోపం కనపడకుండా మనమే దాచేస్తున్నాం.

అందుకని ఈసారి చార్జరు జోలికి పోలేదు. వచ్చిన బ్యాటరీలను వచ్చినట్టే ఉంచి, ఇంజను ఆపి హెడ్‌లైట్లు వేసి ఇంకా దించాను. తర్వాత స్టార్ట్ చేసి, 1500 ఆర్‌పీఎం దగ్గర రేసు నిలబెట్టి, ఉన్న లోడంతా వేశాను. బీ ప్లస్ కేబుల్‌కు డీసీ క్లాంప్ మీటరు తగిలించాను. (క్లాంప్ మీటరు కొనేటప్పుడు డీసీ ఆంపియర్లు కొలుస్తుందో లేదో చూసుకోండి. చాలామంది దగ్గరున్నవి ఇళ్ల కరెంటుకు పనికొచ్చే ఏసీవి. వాటితో డైనమో కేబుల్ పట్టుకుంటే సున్నా చూపించి కొంప ముంచుతాయి.)

మొదట 38 ఆంపియర్లు. డైనమో బీ ప్లస్ బోల్టుకూ బ్యాటరీ ప్లస్ పోస్టుకూ మధ్య పడుతున్న వోల్టేజ్ 1.0. పాజిటివ్ దారిలో అర వోల్టు దాటితేనే నేను ఊరుకోను. ఇదే దారిలో నిండు బ్యాటరీలతో, 12 ఆంపియర్లకైతే పడేది 0.3. అందుకే ఇన్నాళ్లూ ఎవరి కంటా పడలేదు.

ఇంజను అలాగే నడవనిచ్చాను. అరగంట గడిచేసరికి ఆ 1.0 మెల్లగా 1.6 అయింది. వేడెక్కేకొద్దీ పెరుగుతోంది. అప్పుడు పొడవాటి కర్ర తీసుకుని డైనమో నుంచి సెల్ఫ్ మోటారు వైపు దిగే కేబుల్‌ను మెల్లగా కదిపాను. మీటరు ఒక్కసారిగా ఎగిరి నిలబడింది. డైనమో దగ్గర 28.2, బ్యాటరీ దగ్గర 24.3, కరెంటు 17 ఆంపియర్లకు పడిపోయింది. మీటరు బోర్డులో చార్జింగ్ లైటు సన్నగా ఎర్రబడింది.

మొత్తం తేడా 3.9 వోల్టులు. దాన్ని దారిలో ముక్కలుగా కొలిచాను:

డైనమో బీ ప్లస్ బోల్టు నుంచి సెల్ఫ్ మోటారు బోల్టు దాకా 3.7.
సెల్ఫ్ మోటారు బోల్టు నుంచి బ్యాటరీ ప్లస్ దాకా 0.1.
డైనమో బాడీ నుంచి బ్యాటరీ నెగెటివ్ దాకా 0.1.

మూడూ కలిపితే 3.9. ముక్కల మొత్తం, అసలు తేడా సరిపోయాయి కాబట్టి ఇంకెక్కడా దొంగ లేడు. అందరూ మార్చిన డైనమో, కటౌట్, బ్యాటరీలు ఏవీ ఈ 3.7 దారిలో లేవు.

డైనమో నుంచి సెల్ఫ్ దాకా ఉన్నది ఒక్క కేబుల్, రెండు లగ్గులు (కేబుల్ కొసను బోల్టుకు బిగించే గొట్టం లాంటి లోహపు ముక్కలు). సూది మొన ఉన్న ప్రోబుతో లగ్గుకు రెండు అంగుళాల పైన ఇన్సులేషన్‌లో గుచ్చి కొలిస్తే, డైనమో వైపు లగ్గు దగ్గర ఏమీ లేదు. సెల్ఫ్ వైపు లగ్గు దగ్గర 3.5. ఆ వోల్టేజ్‌ను 17 ఆంపియర్లతో గుణిస్తే దాదాపు 60 వాట్లు. మనం వాడే సోల్డరింగ్ ఐరన్ ఒకదాన్ని రాత్రంతా ఆ లగ్గులో వెలిగించి ఉంచినట్టే.

రెండో రాత్రి లెక్క కూడా ఇప్పుడు కుదిరింది. రాత్రి లోడు 24 ఆంపియర్లు, డైనమో నుంచి దాటి వచ్చేది 17. మిగతా 7 బ్యాటరీ ఇవ్వాలి. ఎనిమిది గంటల పరుగులో 56 ఆంపియర్ అవర్లు. 130 ఆంపియర్ అవర్ల బ్యాటరీ మొదటి రాత్రికి లొంగదు. పగలు లోడు తగ్గి కొంచెం కోలుకుంటుంది. రెండో రాత్రికి తల వాల్చేస్తుంది.

కోసి చూస్తే

సెల్ఫ్ బోల్టు మీద నట్టు బిగుతుగానే ఉంది. పానా పెట్టి చూసిన ఎవరికైనా కనెక్షన్ బాగుందనే అనిపిస్తుంది. లోపం నట్టు కింద లేదు, లగ్గు గొట్టం లోపల ఉంది. లగ్గు పక్కన రెండు అంగుళాల మేర ఇన్సులేషన్ గోధుమ రంగుకు తిరిగి, వేలితో నొక్కితే చెక్కలా గట్టిగా ఉంది. బ్లేడుతో చీలిస్తే పచ్చటి పొడి రాలింది. తీగల్లో మూడో వంతు కూడా అతికి లేవు, మిగిలినవి గొట్టం అంచు దగ్గరే విరిగిపోయాయి.

ఎందుకు విరిగాయో పైకి చూస్తే తెలిసింది. ఆ కేబుల్‌ను ఇంజను బ్లాకుకు పట్టి ఉంచే క్లిప్పు లేదు. దాని బోల్టు రంధ్రం ఖాళీగా ఉంది. క్లచ్ పనిలో సెల్ఫ్ విప్పినప్పుడు తీసిన క్లిప్పు తిరిగి వేయలేదు. అప్పటి నుంచి కేబుల్ బరువు, ఇంజను వణుకు అన్నీ ఆ ఒక్క లగ్గు మీదే. తీగలు ఒక్కొక్కటే విరగడానికి నెలా నెలన్నర పట్టింది. లగ్గు మీద రబ్బరు టోపీ కూడా లేకపోవడంతో ట్రిప్పుకోసారి ప్రెషర్ పంపు నీళ్లు లోపలికి దిగాయి.

రిపేరు

లగ్గు ఒక్కటి కోసి కొత్తది వేస్తే పావుగంట పని. కానీ కేబుల్‌ను నాలుగైదు అంగుళాలు పైకి చీల్చి చూసినా రాగి నల్లగానే ఉంది. తుప్పు ఇన్సులేషన్ కింద పైకి పాకుతుంది. నల్లబడ్డ రాగి మీద కొత్త లగ్గు నొక్కితే ఆరు నెలల్లో మళ్లీ ఇదే కథ. అందుకని పూర్తి కేబుల్ మార్చాం. 25 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్, తగరం పూత లగ్గులు, హైడ్రాలిక్ క్రింపరుతో నొక్కి, లోపల జిగురున్న హీట్ ష్రింక్ తొడుగు.

సోల్డర్ పోయలేదు. పోస్తే గట్టిగా ఉంటుందని చాలామంది వాదిస్తారు. కదలని చోట సరే. వణికే చోట సోల్డరు తీగల్లోకి పైకి ఎక్కి, అది ఆగిన చోట తీగ గట్టి నుంచి మెత్తకు మారుతుంది. విరిగేది సరిగ్గా అక్కడే. పైగా లగ్గు వేడెక్కితే సోల్డరు మెత్తబడుతుంది. సరైన సైజు డైతో బాగా నొక్కిన క్రింపుకు ఈ రెండు బాధలూ లేవు. సుత్తితో కొట్టి నొక్కేదాన్ని నేను క్రింపు అనను.

కేబుల్‌ను రెండు చోట్ల క్లిప్పులతో బ్లాకుకు బిగించి, సెల్ఫ్ వైపు రబ్బరు టోపీ తొడిగాం. పనికి ముందు బ్యాటరీ నెగెటివ్ తీసేశామని వేరే చెప్పక్కర్లేదు. బీ ప్లస్ తాళం తీసినా లైవే.

తర్వాత బ్యాటరీలను మళ్లీ దించి అదే పరీక్ష అలాగే చేశాం. రిపేరు పనిచేసిందని చెప్పాలంటే లోపం కనపడిన పరిస్థితిలోనే కనపడకుండా పోవాలి. 44 ఆంపియర్లు పోతుండగా బీ ప్లస్ నుంచి బ్యాటరీ ప్లస్ దాకా 0.2 వోల్టు. అరగంట వేడెక్కాక కూడా 0.2. కర్రతో కదిపినా 0.2. బ్యాటరీలను అప్పుడు చార్జరు మీద పెట్టి సమానంగా నింపాం. కొత్తవి కావడంతో రెండూ కోలుకున్నాయి.

ఈ కేసు తర్వాత మా షెడ్డులో మారినవి

చార్జింగ్ ఫిర్యాదుతో వచ్చిన బండికి ముందుగా చార్జరు పెట్టడం మానేశాం. సెల్ఫ్ తిరగకపోతే జంపరుతో స్టార్ట్ చేస్తాం, దిగిన బ్యాటరీలతోనే కొలుస్తాం. బ్యాటరీ దగ్గర ఎన్ని వోల్టులన్నది ఒక్కటే చూసి వదిలేయం. ఆ సమయానికి ఎన్ని ఆంపియర్లు పోతున్నాయో పక్కన రాయకపోతే ఆ వోల్టుల అంకె నాకు ఏమీ చెప్పదు.

డైనమో విప్పే ముందు ఇంజను నడుస్తుండగా మూడు కొలతలు తీసుకుంటాం: డైనమో తన బోల్టుకూ బాడీకీ మధ్య ఎంత ఇస్తోంది, పాజిటివ్ దారిలో ఎంత పోతోంది, ఎర్తు దారిలో ఎంత పోతోంది. డైనమో దగ్గరే తక్కువుంటేనే డైనమో విప్పాలి. ఇది అయిదు నిమిషాల పని. ఈ బండి మీద ఇది లోడుతో ఒక్కసారి జరిగి ఉంటే ఒక డైనమో, ఒక జత బ్యాటరీల ఖర్చు మిగిలేది.

డ్రైవరు చెప్పిన లక్షణాలను నాలుగైదుగా విడగొట్టి రాయడం, దొరికిన లోపం వాటిలో ఎన్నింటికి సమాధానం చెబుతోందో టిక్కు పెట్టుకోవడం కుర్రాళ్లకు అలవాటు చేశాను. టిక్కు పడనిది ఒక్కటి మిగిలినా ఓనరుకు ఆ మాట చెప్పే బండి ఇస్తాం. కొంతమంది ఓనర్లకు ఇది నచ్చదు. "అంటే ఇంకా అయిపోలేదా?" అంటారు. వాళ్లతో వాదించడం కంటే, మూడో ట్రిప్పుకు బండి టో చేసుకుని వచ్చాక వాళ్లు పడే టెన్షన్ చూడటమే నాకు కష్టం.

ఈ లారీ క్యాబిన్‌లో డ్రైవరు ఎదురుగా రెండు చిన్న డిజిటల్ వోల్ట్ మీటర్లు పెట్టాం. ఒకటి డైనమో బీ ప్లస్ నుంచి, ఫ్యూజు వేసి. రెండోది బ్యాటరీ పోస్టుల నుంచి. లైట్లన్నీ వేసి ఉన్నప్పుడు రెండింటి మధ్య అర వోల్టు తేడా దాటితే ఫొటో తీసి పంపమన్నాం.

అదే ఓనరుకు ఇంకో రెండు లారీలున్నాయి. వాటికీ క్లచ్ పని అక్కడే జరిగింది. తెప్పించి బ్యాటరీలు దించి కొలిస్తే ఒకదానికి దారి శుభ్రంగా ఉంది. రెండోదానికి 40 ఆంపియర్ల దగ్గర 0.9 వోల్టు పడుతోంది. కిందికి వంగి చూస్తే క్లిప్పు లేదు, లగ్గు పక్కన ఇన్సులేషన్ అప్పుడప్పుడే రంగు మారుతోంది. దాని డ్రైవరు మాత్రం చార్జింగ్ సంగతి ఏమీ చెప్పలేదు, ఆ బండి ఇంకా ఒక్కసారి కూడా ఆగలేదు. ఆ సాయంత్రమే దానికీ కేబుల్ మార్చి లోడుకు పంపాం.